ఉబ్బింది సరే, సమంగ ఉబ్బిందా?

ఏం చేస్తున్నరు? చాయ్ తాగిండ్రా? తాగకపోతే గ్లాసు పట్టుకొని ఇటు గోడ దగ్గరికి రండి. మూడు రోజుల నుంచి మీకు ఒక ముచ్చట చెప్దామని చూస్తున్న. మీరేమో తలుపేసుకొని సీరియల్ చూసుకుంట కూసున్నరు. ఇదేం న్యాయం చెప్పండి? ఎదురింటోళ్ళకు చెప్తే సగంల లేచి పప్పు మాడుతుందంటరు. మీరైతే చివరిదాక వింటరు. వినాలె కూడ.

పోయిన ఆదివారం ఆందోల్ మైసమ్మ గుడికి పోయినం. ఆదివారమంటే అక్కడ ఎట్లుంటదో మీకు తెల్వంది కాదు. హైవే పక్కన కార్లు, ఆటోలు, కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించేటోళ్ళు, చెట్ల కింద పొయ్యిల పొగ. మొక్కు తీరింది, బయటికొచ్చినం. మా మనవరాలు ఒక తోపుడు బండి దగ్గర ఆగిపోయింది. పూసలు! ఆవగింజ కంటే కొంచెం పెద్దగ, ఎర్రయి, నీలియి, పచ్చయి. చిన్న చిన్న కవర్లల్ల కట్టి పెట్టిండు. నీళ్ళల్ల వేస్తే తెల్లారేసరికి గోలీలంత అయితయంట.

"అమ్మమ్మా, పది రూపాయలే!"

పది రూపాయలకు ఇంత సంబురం ఇంకెక్కడ దొరుకుతది? కొన్న. (మీ ఇంట్ల చిన్న పిల్లలుంటే మాత్రం పక్కనే కూసోని ఆడించండి. నోట్ల పెట్టుకుంటే కడుపుల కూడ ఉబ్బుతయి అవి. నవ్వులాట కాదు.)

ఇంటికొచ్చి రెండు గ్లాసులు తీసినం. ఒకదాంట్ల బోరు నీళ్ళు, ఒకదాంట్ల ఫిల్టర్ నీళ్ళు. ఎందుకు రెండు అని అడగకండి, ఆ సమయానికి ఫిల్టర్ నీళ్ళ క్యాన్ అడుగంటింది, అందుకే. తెల్లారి లేచి చూస్తే ఏమైంది? ఫిల్టర్ నీళ్ళల్ల పూస స్కేలు మీద పెడితే 14 మిల్లీమీటర్లు. బోరు నీళ్ళల్లది 10 కూడ లేదు! ఒకే కవరు, ఒకే రాత్రి, ఒకే బల్ల. పిల్ల మూతి ముడిచింది, "మన బోరు మంచిగ లేదు" అని. నేనైతే ఎగిరి గంతేసిన. ఫిల్టర్ గ్లాసుల చిటికెడు ఉప్పు వేసి కలిపిన. సాయంత్రానికి అవి కూడ చిన్నగయినయి.

కారణం చెప్పమంటరా? ఆ పూస అంటే చేపల వల అనుకోండి. సన్న సన్న దారాల అణువులు అక్కడక్కడ ముళ్ళు పడి వలయినయి. ఆ దారాల పొడుగున అంత రుణావేశం. ఒకదానికొకటి పడదు, తోటికోడళ్ళ లెక్క దూరం దూరం జరుగుతయి. జరిగిన సందుల నీళ్ళు చొరబడతయి. అదే ఉబ్బుడు. నీళ్ళల్ల ఉప్పులుంటే ఆ కొట్లాట చల్లారుతది. కాల్షియం ఉంటే ఇంకా ఘోరం, రెండు దారాలను చెరో చేత్తోని పట్టుకొని దగ్గరికి లాగుతది. మన బోరు నీళ్ళల్ల ఉప్పుల సంగతి మీకు నేను చెప్పాల్నా? ఫ్లోరైడ్ నీళ్ళకు పటిక, సున్నం కలిపి శుద్ధి చేసే పద్ధతికి దేశమంత పెట్టుకున్న పేరే 'నల్గొండ టెక్నిక్'. 2015 జూన్‌ల ఇంటింటికి నల్లా నీళ్ళ పథకానికి పైలాన్ నిలబెట్టింది మన చౌటుప్పల్‌లనే. తర్వాత దాని పేరు మిషన్ భగీరథ అయింది.

ఆగండి, 2015 అన్న కదా. అసలు ముచ్చట అక్కడనే ఉన్నది.

అదే ఏడు జనవరిల అమెరికాల, ఎంఐటీల, ఎడ్ బోయ్‌డెన్ అనే ఆయన, ఆయన దగ్గర చదువుకునే ఫెయ్ చెన్, పాల్ టిల్‌బర్గ్ అనే ఇద్దరు పిల్లగాళ్ళు కలిసి 'సైన్స్' పత్రికల ఒక పని చెప్పిండ్రు. మైక్రోస్కోప్‌ల కనపడనంత చిన్నగ ఉన్నదాన్ని చూడాలంటే అందరు ఏం చేస్తరు? ఇంకా పెద్ద మైక్రోస్కోప్ కొంటరు. వీళ్ళేమో చూసే వస్తువునే పెద్దగ చేసిండ్రు! దేంతోని? ఇగో, ఈ పూసల జాతి పదార్థంతోనే. చంటిపిల్లల డైపర్‌ల నీళ్ళు పీల్చే పొడి ఉంటది చూడండి, సోడియం పాలీయాక్రిలేట్, అదే. దాని పేరే ఎక్స్‌పాన్షన్ మైక్రోస్కోపీ. డైపర్ పొడితోని మెదడు కణాలు చూసుడు! ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికి ఒళ్ళు పులకరిస్తది. మీకు పులకరించకపోతే ఇంకో చాయ్ తాగి మళ్ళ వినండి.

మామూలు మైక్రోస్కోప్‌కు ఏం తక్కువైంది అంటరా? 1873ల ఎర్నెస్ట్ అబ్బే అనే జర్మనీ ఆయన లెక్క కట్టి చెప్పిండు. వెలుగు ఒక అల. ఆ అల పొడుగుల దాదాపు సగం కంటే దగ్గరగ ఉన్న రెండు చుక్కలు ఒకే మచ్చగ కనపడతయి. అద్దం ఎంత మంచిదైనా సరే. అంటే 200, 250 నానోమీటర్ల కాడ ఆగిపోవుడే. వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు అనుకుంటే ఎంత చిన్నదో చూసుకోండి. లావు దబ్బనంతోని సన్న కుట్టు పడ్తదా? వెలుగు ఇక్కడ దబ్బనం.

ఆ దబ్బనంతోనే మనోళ్ళ గడ్డ మీద ఎంత పని జరిగిందో మరిచిపోవద్దు. 1897 ఆగస్టు 20, బేగంపేట. రోనాల్డ్ రాస్ దోమ కడుపు చీల్చి మలేరియా గుట్టు పట్టిండు. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టినయంట, ఉన్న ఒక్క కంటి అద్దం పగిలిందంట. ఆ పగిలిన అద్దంలనుంచే చూసిండు! 1902ల నోబెల్ వచ్చింది. ఇప్పుడు అదే మలేరియా పరాన్నజీవిని ఈ జెల్‌ల పెట్టి ఉబ్బించి, దాని లోపలి అస్థిపంజరం మొత్తం లెక్కపెడుతున్నరు. ఆయన ఉంటే బేగంపేట నుంచి ఎంఐటీ దాక నడుచుకుంట పోయేటోడు.

సరే, పనిల పడదాం. ఎట్ల ఉబ్బిస్తరు?

సంక్రాంతికి మీరు సజ్జ రొట్టెల మీద నువ్వులు అద్దుతరు కదా. పిండి ముద్ద మీద నువ్వులద్ది తట్టుడు మొదలుపెట్టండి. రొట్టె పెరిగినకొద్ది నువ్వులు ఏమైతయి? నువ్వు గింజ పెద్దగ కాదు. గింజకు గింజకు నడుమ సందు పెద్దగయితది. అంతే! ఎక్స్‌పాన్షన్ మైక్రోస్కోపీ మొత్తం ఈ నువ్వుల రొట్టెలనే ఉన్నది. కణంల ప్రొటీన్లకు మెరిసే రంగు గింజలు తగిలిస్తరు. వాటిని జెల్ దారాలకు కట్టేస్తరు. కణం సందు సందుల జెల్ పోసి గట్టిపడనిస్తరు. కణాన్ని పట్టి ఉంచే బలమైన కట్లను ఒక ఎంజైమ్‌తోని తెంపేస్తరు, లేకపోతే అది ఉబ్బనియ్యదు. తర్వాత స్వచ్ఛమైన నీళ్ళు పోస్తరు, బోరు నీళ్ళు కాదు! జెల్ ఉబ్బుతది. గింజలు దూరం జరుగుతయి. పొడుగు నాలుగున్నర రెట్లు, వెడల్పు నాలుగున్నర, ఎత్తు నాలుగున్నర. గుణించి చూడండి, మొత్తం 91 రెట్లు. చివరికి అంత నీళ్ళే, గాజు లెక్క పారదర్శకంగ. ఇంతకు ముందు ఒకే మచ్చగ కనపడ్డ రెండు చుక్కలు ఇప్పుడు విడివిడిగ.

ఇదంత మా చిన్నాయినకు చెప్పిన. మా చిన్నాయిన కొయ్యలగూడెంల ఉంటడు, మగ్గం మీదనే యాభై ఏండ్లు. నేను ఇంత సంబురంగ చెప్తుంటే బీడీ ఆర్పి ఒక్క మాటన్నడు.

"ఉబ్బిందంటున్నవు, సరే బిడ్డా. అంతట ఒక్క తీరుగ ఉబ్బిందని ఎవలు జూసిండ్రు?"

చూడండి! అదీ ప్రశ్న. నేను పుస్తకాలు తిరగేసి తిరగేసి పట్టుకున్న ప్రశ్నను ఆయన బీడీ ఆర్పినంత సేపట్ల అడిగేసిండు. రొట్టె తట్టేటప్పుడు మీ చెయ్యి ఒక దిక్కు గట్టిగ పడితే? నడుమ మందంగ ఉండి అంచులు సాగితే? నువ్వులు దూరం జరుగుతయి కానీ ఒకటే తీరుగ జరగవు. అప్పుడు ఫొటోల కనపడ్డ ఆకారం కణానిదా, మీ చేతిదా?

చిన్నాయినకు ఈ అనుమానం రాక ఏమైతది? ఇక్కత్ నేసేటోనికి పుట్టిన దగ్గర్నుంచి ఇదే బాధ. మీరు ఈ ఊరోళ్ళే, అయినా చెప్తా, నాకు చెప్పబుద్ధయితుంది. చీర నేసినంక రంగు అద్దుడు కాదు మన దగ్గర. ముందే దారం మీద రంగు. ఆసు మీద దారం పోసి, డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టి, రబ్బరు ముక్కలతోని చిటికి కడతరు. రంగుల ముంచుతరు. విప్పుతరు. మళ్ళ కడతరు, ఇంకో రంగు. తర్వాత కండెలకు చుట్టి మగ్గం ఎక్కిస్తరు. దారం మీద అక్కడో చుక్క, ఇక్కడో గీత. నేస్తా పోతుంటే అవన్ని ఒకదాని పక్కన ఒకటి వచ్చి పువ్వు కావాలె! ఒక్క పేక అటిటు జరిగినా రేకుకు మసక అంచు వస్తది. అందుకే నాడె ఆడిన ప్రతిసారి చిన్నాయిన పేకను వేలితోని జర ఇటు, జర అటు సర్దుతడు. పుట్టపాకల తేలియా రుమాల్ నేసేటోళ్ళు పడుగుకు కూడ చిటికి కడతరు, పేకకు కూడ కడతరు. రెండు కలిస్తేనే చదరం చదరమైతది.

ఆసు అంటే గుర్తొచ్చింది. ఆలేరు దిక్కు శారాజీపేటల చింతకింది మల్లేశం వాళ్ళమ్మ ఒక చీరకు ఆసు పోయాలంటే చెయ్యి 9,000 సార్లు అటిటు ఆడించాల్సొచ్చేదంట. ఆ నొప్పి చూడలేక ఆయన లక్ష్మీ ఆసు యంత్రం చేసిండు. 2017ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. తల్లి భుజం నొప్పి కోసం చేసిన పని! మనోళ్ళ గొప్ప చెప్పకుండ ముందుకు పోతే నాకు తృప్తి ఉండదు.

ఎక్కడున్న? ఆఁ, ఒక్క తీరుగ ఉబ్బిందా అని.

మొదట అందరికి తోచే ఉపాయం స్కేలు. జెల్‌ను 12 మిల్లీమీటర్ల గుండ్రటి గాజు బిళ్ళ మీద పోస్తరు. ఉబ్బినంక కొలుస్తరు. 54 వచ్చిందనుకోండి, నాలుగున్నర రెట్లు. నేను పూసను కొలిచినట్టే. ప్రతిసారి కొలవాల్సిందే. నీళ్ళు మారితే, జెల్ ముద్ద మారితే లెక్క మారుతది, మన రెండు గ్లాసులు చెప్పినయి కదా.

రెండో ఉపాయం, ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో. ఉబ్బకముందు కణాన్ని ఫొటో తీస్తరు. ఉబ్బినంక అదే కణాన్ని వెతికి పట్టుకొని మళ్ళ తీస్తరు. (91 రెట్లు పెరిగిన జెల్‌ల ఆ ఒక్క కణాన్ని వెతుకుడు జాతరల తప్పిపోయిన పిల్లను వెతికినంత పని.) మొదటి ఫొటోను కంప్యూటర్‌ల పెద్దగ చేసి రెండోదాని మీద పరిచి, ఎక్కడెక్కడ ఎంత పక్కకు జరిగిందో బాణం గుర్తులతోని గీస్తరు. ఆ బాణాల బొమ్మ మీరు చూడాలె! గాలికి వంగిన వరి చేను లెక్క ఉంటది. అట్ల కొలిస్తే తేడా నూటికి ఒకటి నుంచి నాలుగు దాక అని తేలింది, పదుల వందల మైక్రాన్ల దూరాలల్ల.

ఇది చిన్నాయినకు చెప్తే తలూపిండు. "మంచిదే. గజంల ఇంచు పోతే దుప్పటికి ఫికర్ లేదు. గోరంత పువ్వుల రేకు పక్కకువోతే? దాని సంగతి జెప్పు."

ఇగో ఇక్కడ నేను లేచి నిలబడ్డ. ఎందుకంటే అసలు అందం ఇక్కడనే ఉన్నది. మీరు కూడ జర ముందుకు జరగండి.

ముందు ఫొటో, తర్వాత ఫొటో పోల్చాలంటే ముందు ఫొటోల ఆ చిన్నది కనపడాలె కదా? కనపడదనే కదా ఉబ్బించింది! మంచి మంచి సూపర్ రిజల్యూషన్ మైక్రోస్కోపులు ఉన్నయి, 2014ల వాటికి కెమిస్ట్రీల నోబెల్ కూడ వచ్చింది. వాటితోని ఇంకొంచెం లోతుకు పోవచ్చు. కానీ ఇరవై, ముప్పై నానోమీటర్ల కాడ ప్రతి కణానికి ముందు ఫొటో ఎవరు తెచ్చిస్తరు? పైగా పెద్ద దూరంల తేడా తక్కువున్నదని చిన్న దూరంల కూడ తక్కువుంటదని హామీ లేదు. ఆ వల కన్నులన్ని ఒకటే సైజుల ఉండవు. ఒక దగ్గర ముడి బిగుసుకుంటది, ఒక దగ్గర వదులైతది. చీర మొత్తం చూస్తే తెల్వదు, దారం దగ్గర తెలుస్తది. అందుకే 2021ల బోయ్‌డెన్ బృందమే నాలుగు చేతుల అణువులతోని, కన్నులు సమంగ వచ్చే కొత్త జెల్ అల్లింది. అది సమంగ ఉబ్బుతుందా అని దేని మీద చూసిండ్రనుకున్నరు? హెర్పిస్ వైరస్ మీద. ఆ వైరస్ గుండ్రంగ ఉంటది. ఉబ్బినంక కూడ గుండ్రంగనే ఉండాలె. సొట్ట పోతే జెల్ తప్పు.

అర్థమైందా? బయట నుంచి గజం బద్ద తెచ్చి పెట్టలేని చోట, లోపలనే పుట్టిన గజం బద్దను వెతుక్కుంటున్నరు! ఏ కణంల చూసినా ఒకటే కొలత, ఒకటే ఆకారం ఉండే వస్తువు. దేవుడు అచ్చు పోసి పెట్టినట్టు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తోని ముందే కొలిచి పెట్టిన వస్తువు.

నాకు అన్నిట్ల ఇష్టమైంది న్యూక్లియర్ పోర్. కణం నడుమ కేంద్రకం ఉంటది కదా, దాని గోడకు ఉన్న వాకిళ్ళు అవి. ఒక్కో కేంద్రకానికి వందలు, వేలు. ఒక్కో వాకిలి ఎనిమిది రేకుల తామర! నిజంగ. ఎనిమిది మూలలు, రింగుగ. అందుల ఎన్‌యూపీ96 అనే ప్రొటీన్ ఉంటది. 2019ల జర్మనీల హైడెల్‌బర్గ్ దగ్గర జోనాస్ రీస్ బృందం దీన్నే అందరికి కొలబద్దగ వాడుకోమని ఇచ్చింది. రింగు అడ్డం 107 నానోమీటర్లు. మూలకు మూలకు 42.

ఇప్పుడు నాతోని లెక్క చెయ్యండి. 107ను నాలుగున్నరతోని గుణిస్తే 481. అబ్బే గీసిన 250 గీత దాటింది! రింగు రింగుగ కనపడతది. 42ను గుణిస్తే? 189. అయ్యో, ఇంకా గీత కిందనే ఉన్నది. మూలలు కలిసిపోయి కనపడతయి. పది రెట్లు ఉబ్బిస్తే 420, అప్పుడు ఎనిమిదికి ఎనిమిది విడివిడిగ! పది రెట్లు ఉబ్బించే జెల్ 2018ల జర్మనీలనే, గోటింగెన్‌ల చేసిండ్రు. 2017ల బోయ్‌డెన్ దగ్గర ఒకసారి ఉబ్బించిన దాన్నే మళ్ళ ఉబ్బించి ఇరవై రెట్ల దాక తీసుకపోయిండ్రు. 2024 కల్లా ఒక్కసారికే ఇరవై. మా మనవరాలికి చెప్తే, "ఆ పూసలు ఎక్కడ అమ్ముతరు?" అన్నది.

ఇంకా మంచి కిటుకు చెప్తా. పొడుగు కొలిస్తే ఎన్ని రెట్లు ఉబ్బిందో తెల్వాలె. అది తప్పైతే ఇది తప్పు. కోణం? రొట్టె సమంగ పెరిగితే కోణం మారదు! ఎనిమిది రేకులుంటే ఒక్కోదానికి నడుమ 45 డిగ్రీలు. రెండు రెట్లు ఉబ్బనీ, ఇరవై రెట్లు ఉబ్బనీ, 45 అంటే 45. మారిందా, ఆ దిక్కు జెల్ వంకర పోయినట్టే. స్కేలు అక్కర్లేదు, గుణకారం అక్కర్లేదు. ఎవరికి తట్టిందో కానీ, ఆ చేతికి దండం పెట్టాలనిపిస్తది.

ఎనిమిదికి న్యూక్లియర్ పోర్ అయితే తొమ్మిదికి సెంట్రియోల్. కణం రెండుగ చీలేటప్పుడు పని చేసే చిన్న గొట్టం. గోడ నిండ తొమ్మిది మూడేసి కట్టలు, సుడిగ తిరిగి గాలిమర లెక్క. 2019ల స్విట్జర్లాండ్‌ల, జెనీవాల, పాల్ గిషార్, విర్జినీ హామెల్ వాళ్ళు పాత పద్ధతులల్ల ఉబ్బించిన సెంట్రియోళ్ళను చూసి ఇది సరిగ్గ లేదని పట్టుకున్నరు. ఆకారం చెడుతుంది. అంటే అప్పటిదాక బాగుందనుకున్న రొట్టెల అక్కడ మాత్రం నువ్వులు అటిటు పోయినయి. కణాన్ని ముందుగ గట్టిపరిచే ఫార్మాల్డిహైడ్, యాక్రిలమైడ్ పాళ్ళు మార్చి మార్చి చూసిండ్రు. ఉప్పు ఎక్కువా, పులుపు తక్కువా అని పచ్చడి రుచి చూసినట్టు. చివరికి తొమ్మిదికి తొమ్మిది చక్కగ నిలబడ్డయి. దాని పేరు యూ-ఎక్స్ఎం. మలేరియా పరాన్నజీవిని ఉబ్బించి చూస్తున్నది దీంతోనే.

ఇక్కడ నాకొక ఫిర్యాదు ఉన్నది. కొందరు జెల్‌ను స్కేలుతోని కొలిచి నాలుగున్నర అని రాసుకొని, లోపలున్న ప్రతిదాన్ని అదే నాలుగున్నరతోని భాగించి ఊరుకుంటరు. ఎట్ల ఊరుకుంటరు? ఒకే కణంల కేంద్రకం వాకిలి ఒక తీరుగ ఉబ్బవచ్చు, మైటోకాండ్రియా ఇంకో తీరుగ. కొలిచి చూసినోళ్ళే చెప్పిండ్రు. గట్టి చోటు తక్కువ సాగుతది, మెత్తటి చోటు ఎక్కువ. మీరు రొట్టెల ఉల్లిపాయ ముక్క వేసి తట్టి చూడండి, తెలుస్తది. ఏ భాగాన్ని చూస్తున్నమో ఆ భాగంలనే కొలబద్ద వెతకాలె. నాకు ఈ విషయంల ఎవరితోనైనా కొట్లాడాలని ఉంటది, ఎవరు దొరకరు.

ఇంకొక్కటి. ఇది విన్నంక చాయ్ చల్లారినా మీకు తెల్వదు. మెరిసే రంగును మామూలుగ ప్రొటీన్‌కు నేరుగ కట్టరు. నడుమ యాంటీబాడీలు ఉంటయి, ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి రెండు. వాటికి కూడ ఒళ్ళుంటది కదా! కణంల మైక్రోట్యూబ్యూల్ అనే సన్న గొట్టం ఉంటది, అడ్డం 25 నానోమీటర్లు. యాంటీబాడీలు అటు పదిహేడున్నర, ఇటు పదిహేడున్నర కప్పుకుంటే 60 అయితది. అంటే గొట్టం కంటే దుప్పటే లావు! ముందే కప్పి ఉబ్బించినమనుకోండి, దుప్పటి కూడ గొట్టంతోని పాటే ఉబ్బుతది. వెనక్కి భాగించినా 60 దగ్గరనే ఉంటం. అదే, ఉబ్బించినంక కప్పితే? 25 నాలుగున్నర రెట్లు పెరిగి 112 దాటింది. దాని మీద దుప్పటి 35 మాత్రమే. మొత్తం 147. మళ్ళ నాలుగున్నరతోని భాగించండి. సుమారు 33! అరవై ఎక్కడ, ముప్పై మూడు ఎక్కడ. నువ్వులు ఎప్పుడద్దాలె, రొట్టె తట్టకముందా తట్టినంకనా, గింత చిన్న ప్రశ్నల ముప్పావు కంటే ఎక్కువ తప్పు మాయమైపోయింది. నేను ఈ లెక్క కాగితం మీద చేసుకొని రెండుసార్లు సరిచూసుకున్న, నమ్మబుద్ధి కాక.

నిన్న మళ్ళ కొయ్యలగూడెం పోయిన. మా అల్లుడు ప్రింటు తీసిచ్చిన న్యూక్లియర్ పోర్ బొమ్మ పట్టుకపోయిన. నల్లటి కాగితం మీద మెరిసే రింగులు, నక్షత్రాల లెక్క. చిన్నాయిన అద్దాలు పెట్టుకొని, కాగితం మగ్గం మీద పరిచి, వేలితోని లెక్కపెట్టిండు.

"ఎనిమిదన్నవు. గీడ ఏడే ఉన్నయి గదనే."

నిజమే. ఏడే. ప్రతి మూలకు రంగు అంటుకోదు, ఒక్కోసారి ఒకటి, రెండు తగలకుండ పోతయి. నేను ఆ సంగతి చెప్పబోతుంటే ఆగమని చెయ్యి చూపిచ్చిండు. నాడె పట్టుకునే వేలితోని రింగు చుట్టు మెల్లగ తిరిగిండు. ఒక చుక్క, సందు. ఒక చుక్క, సందు. ఒక దగ్గర ఆగిండు. అక్కడ సందు మిగతా వాటికి సరిగ్గ రెట్టింపు ఉన్నది.

"ఇగో, పోయింది ఈడిది. మిగిలినయి తమ జాగలనే ఉన్నయి," అని కాగితం మీద ఖాళీ చోట గోరుతోని చిన్న గుర్తు పెట్టిండు, చిటికి కట్టబోయే దారం మీద పెట్టినట్టే.